ఎవరెక్కడ నవ్వారు? 'సీరియస్ మెన్' మీద మా బీచ్ రోడ్డు బ్యాచ్ గొడవ

నమస్కారమండీ. వెనకాల హోరు వినిపిస్తోందా? ఫ్యాన్ కాదు, సముద్రం. ఈసారి రివ్యూ ఇంట్లో పుస్తకాల బీరువా ముందు కూర్చుని చెయ్యట్లేదు. విశాఖ ఆర్కే బీచ్‌లో, కాళీమాత గుడి దాటాక, గోడ మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మైకులో గాలి గరగర వస్తే కొంచెం సర్దుకోండి.

ఇదిగో పుస్తకం. అట్ట మీద ఈ పసుపు మరక ఏంటంటారా, మురీ మిక్చర్ తింటూ చదివితే ఇంతే. పేరు 'సీరియస్ మెన్', రాసింది మను జోసెఫ్. 2010లో వచ్చిన ఇంగ్లీషు నవల. ఆ ఏడాదే హిందూ పత్రిక ఇచ్చే ఫిక్షన్ అవార్డు దీనికి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా వాళ్ళ పెన్ ఓపెన్ బుక్ అవార్డు కూడా వచ్చింది. కులం మీద వెటకారం. పదిహేనేళ్ళు దాటిన పుస్తకానికి ఇప్పుడు రివ్యూ ఏమిటంటే, మా ఆదివారం బ్యాచ్ ఈమధ్యే చదివింది. తొమ్మిదిమందిమి. ప్రతి ఆదివారం పొద్దున్న, ఈ రోడ్డు మీద బండ్లు తిరగని టైములో, ఇక్కడే కూర్చుని చదివిన దాని గురించి మాట్లాడుకుంటాం. మామూలుగా గంటలో తేలిపోతుంది. ఈ పుస్తకం మీద మూడు ఆదివారాలు కొట్టుకున్నాం. టీ అమ్మే కుర్రాడు కూడా "ఏటండీ, ఇంకా తేల్లేదా?" అని అడిగాడు.

అందుకని ఈసారి స్టార్లు, రేటింగులు ఏమీ ఇవ్వను. మా వాళ్ళలో ఎవరెక్కడ నవ్వారో, ఎవరెక్కడ మొహం మాడ్చుకున్నారో అది చెప్తాను. వెటకారం పుస్తకానికి అంతకంటే మంచి కొలత నాకు తెలీదు.

ముందు కథ, గబగబా. ముంబైలో ఒక పెద్ద సైన్సు సంస్థ. దాని డైరెక్టరు అరవింద్ ఆచార్య, బ్రాహ్మడు, మహా మేధావి, ఎవరినీ లెక్కచెయ్యని మనిషి. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం పేరెత్తితే ఆయనకి ఒళ్ళు మంట. ఆయన గది బయట కూర్చునే పీఏ అయ్యన్ మణి. దళితుడు. వర్లీలో బీడీడీ చాల్‌లో ఒక్క గది ఇల్లు. చాల్ అంటే వరసగా ఒంటిగది ఇళ్ళుండే పాత బిల్డింగు. భార్య ఓజా, పదేళ్ళ కొడుకు ఆది. పిల్లాడికి ఒక చెవి సరిగ్గా వినిపించదు, మిషన్ పెట్టుకుంటాడు.

ఈ బీడీడీ చాళ్ళు నిజంగా ఉన్నవే. బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో కట్టింది, అందుకే ఆ పేరు. ఒక్కో గది 160 చదరపు అడుగులు. ఒక కారు పెట్టి, పక్కన రెండు బైకులు పెడితే నిండిపోయేంత. అందులో సంసారం, పిల్లలు, వంట, చదువు, నిద్ర, అన్నీ. అంబేద్కర్ కూడా పరేల్‌లో ఒక చాల్‌లోనే రెండు దశాబ్దాల పైచిలుకు బతికారు. అది వేరే చాల్, బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ వాళ్ళది. అయ్యన్ బౌద్ధుడు కూడా. 1956లో నాగపూర్‌లో అంబేద్కర్ బౌద్ధం తీసుకోవడంతో మొదలైన దారి అది. నవల దీన్ని ఉపన్యాసంలా చెప్పదు. ఇంట్లో భార్య మాత్రం పాత దేవుళ్ళనే పట్టుకుని ఉంటుంది. మొగుడు బుద్ధుడు, పెళ్ళాం పటాలు. మన ఇళ్ళలో చూడనిదా?

నవల మొదలయ్యేది సముద్రం ఒడ్డునే. వర్లీ సీఫేస్‌లో సాయంత్రం పూట వాకింగ్ చేసేవాళ్ళని అయ్యన్ చూస్తుంటాడు. నేను ఇక్కడికొచ్చి కూర్చోవడానికి కారణం అదే. ఇక్కడ కూడా చూడండి, ఈ బూట్లు, ఈ కుక్కలు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీలు. ఒంట్లో కొవ్వు కరిగించుకోవడానికి నడిచేవాళ్ళూ, బస్సు డబ్బులు మిగుల్చుకోవడానికి నడిచేవాళ్ళూ ఒకే రోడ్డు మీద ఉంటారు. నడక చూసి ఎవరు ఎవరో చెప్పెయ్యొచ్చు. అయ్యన్ చూపు అలాంటిది. అదే ఈ పుస్తకానికి బలం.

సరే, మొదటి నవ్వు.

ఆ సంస్థలో ఒక నల్లబల్ల ఉంటుంది. రోజుకో సూక్తి రాయడం అయ్యన్ పని. అతను ఏం చేస్తాడంటే, మధ్యమధ్యలో తనే ఏదో ఒకటి అల్లి, బ్రాహ్మల మీద ఒక చురక పెట్టి, కింద ఎవరో పెద్ద మనిషి పేరు తగిలిస్తాడు. సైంటిస్టులు వస్తారు, చదువుతారు, మొహాలు చిట్లించుకుంటారు, పోతారు. పెద్ద పేరు కింద ఉంది కాబట్టి ఎవరూ నోరెత్తరు.

ఈ పేజీ దగ్గర మా ఆఫీసు మిత్రుడు నవ్విన నవ్వు మీరు చూసుండాల్సింది. కళ్ళ వెంబడి నీళ్ళు. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మిగతా ఎనిమిదిమందిమి మర్యాదకి నవ్వాం. ఎందుకంత నవ్వు అని నాకు ఒక్కడికే తెలుసు. మా ఆఫీసులో లిఫ్టు పక్కన తెల్లబోర్డు ఉంది. 'నేటి మంచి మాట' అని మేనేజరు గారు పెట్టించారు. రోజూ పొద్దున్నే దాని మీద రాసేది ఇతనే. ముత్యాల్లాంటి చేతిరాత. ఏడేళ్ళుగా రాస్తున్నాడు, ఏ రోజూ తన మాట ఒక్కటి రాయలేదు. ఈ మిత్రుడు దళితుడు. ఆ సంగతి వీడియోలో చెప్పమన్నది తనే. ఇంకో సంగతి కూడా చెప్పమన్నాడు, దానికి తర్వాత వస్తాను.

రెండో నవ్వు టీచర్ గారిది. అయ్యన్ మొదలుపెట్టే అసలు ఆట కొడుకుతో. భార్య బతుకు మరీ చప్పగా ఉందని, ఏదో ఒక సందడి తెద్దామని, కొడుకుని బాలమేధావి అని ఊరంతా నమ్మిస్తాడు. రాత్రి పిల్లాడికి ఒక పెద్ద ప్రశ్న బట్టీ పట్టిస్తాడు. పొద్దున్న వాడు క్లాసులో లేచి అది అడుగుతాడు. టీచర్లు నోరెళ్ళబెడతారు. స్కూలు నడిపే సిస్టర్ ఏమో, మీరు మా మతంలోకొస్తే ఫీజులో కలిసొస్తుంది అన్నట్టు ఆశ చూపిస్తుంటుంది. తర్వాత పేపర్లో వార్త. తర్వాత ఇంకా పెద్దవి. తండ్రీ కొడుకులిద్దరూ కలిసి లోకం చెవిలో పువ్వు పెడతారు. అదీ చెవి వినపడని పిల్లాడితో!

టీచర్ గారు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడన్నది: "ఇందులో కొత్తేముంది బాబూ? ద్వారకానగర్‌లో ఏ స్తంభం చూసినా కోచింగ్ ఫ్లెక్సీ మీద ఈ పిల్లాడే కదా ఉన్నాడు." నిజమే. ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు అని టీవీలో అరుస్తూ ర్యాంకులు చదివే యాడ్‌లు విని పెరిగినవాళ్ళం మనం. ఆరో క్లాసు నుంచి ఐఐటీ ఫౌండేషన్ అంటే తప్పుబట్టం. తల్లిదండ్రులు డబ్బు పోసి తయారుచేస్తే అది శ్రద్ధ. చాల్‌లో ఉండేవాడు, డబ్బు లేనివాడు, తయారుచేస్తే మోసం. ఆవిడ ఈ మాట ఇంత పొడుగ్గా అనలేదు. "వాళ్ళకి ఫ్లెక్సీ ఉంది, ఇతనికి లేదు, అంతే" అని టీ తాగేశారు.

మా బ్యాచ్‌లో పెద్దాయన ఒకరున్నారు. స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు, అందరం మాస్టారూ అంటాం. ఆయనకి బెలూన్ కథ తెగ నచ్చింది. ఆచార్య గారి సిద్ధాంతం ఏమిటంటే, అంతరిక్షం నుంచి సూక్ష్మజీవులు భూమ్మీదకి రాలుతున్నాయని. దాన్ని రుజువు చెయ్యడానికి ఆకాశంలోకి ఒక బెలూన్ పంపి, అక్కడి గాలి పట్టి తెప్పించాలనుకుంటాడు. ఇది చదివి మా సాఫ్ట్‌వేర్ కుర్రాడు "రచయిత మరీ ఎక్కువ ఊహించాడు" అన్నాడు. ఊహ కాదు నాయనా! 2001 జనవరిలో మన హైదరాబాద్ నుంచే అలాంటి బెలూన్ లేచింది. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం అక్కడే ఉంది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ ఆధ్వర్యంలో, 41 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్ళి గాలి నమూనాలు తెచ్చారు. 2005లో రెండోసారి కూడా చేశారు. అక్కడ దొరికిన బ్యాక్టీరియాలో ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఇంకోదానికి ఇస్రో పేరు పెట్టారు. నవలలో మనిషి కల్పితం, కానీ ఆ పిచ్చి గాల్లోంచి పుట్టింది కాదు.

మాస్టారు ఆచార్యని చూసి ముచ్చటపడిపోయారు. "అదీ మనిషంటే! నమ్మిన దానికోసం లోకాన్ని ఎదిరించాడు. ఆ అయ్యన్ ఉన్నాడు చూశారా, ఉత్త మోసగాడు. కష్టపడి పైకి రాకూడదా?"

అప్పటిదాకా నోరు విప్పని రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి, మన ఆంధ్రా యూనివర్సిటీలోనే చదువుతోంది, ఒక్క మాట అడిగింది. "మాస్టారూ, ఇంకా రుజువు కాని దానికి ప్రభుత్వం డబ్బు ఖర్చుపెడితే అది నమ్మకం, ఇంకా రుజువు కాని కొడుకుని జీనియస్ అంటే అది మోసమా?"

మాస్టారు సముద్రం వైపు తిరిగారు. కోపం వస్తే ఆయన అలాగే తిరుగుతారు.

నాకు నవలలో అన్నిటికంటే నచ్చింది ఆఫీసే. అయ్యన్ ఏం చేస్తాడంటే, లోపలి గదిలో ఫోన్ రిసీవర్ కొంచెం పక్కకి జరిపి పెట్టి, తన సీట్లో కూర్చుని పెద్దమనుషుల మాటలన్నీ వింటుంటాడు. సైంటిస్టులు విశ్వంలోంచి సిగ్నల్ వస్తుందేమో అని పెద్ద పెద్ద రేడియో టెలిస్కోపులు అడుగుతుంటారు. నంబోద్రి అనే ఇంకో బ్రాహ్మడు దానికోసం ఆచార్య కుర్చీకే ఎసరు పెడతాడు. విశ్వం మాట వినడానికి వాళ్ళు కోట్లు అడుగుతుంటే, వాళ్ళ మాట వినడానికి ఇతనికి ఒక్క రిసీవర్ చాలు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు. ఇలాంటి చోట్ల రచయిత కలం కత్తిలా ఉంటుంది. పెద్ద కులాల వాళ్ళు కులం పేరెత్తకుండా కులం గురించే మాట్లాడుకోవడం, 'మెరిట్' అనే మాటని మంత్రంలా వాడుకోవడం, ఇవన్నీ బల్లకి ఇవతల కూర్చున్నవాడి చెవిలోంచి వింటాం.

ఇక స్కాలర్ అమ్మాయి సంగతి. ఆ అమ్మాయి పుస్తకం మొత్తంలో రెండుసార్లు నవ్విందంతే. ఆమె కంప్లయింట్ ఒపర్ణ గురించి. సంస్థలో కింద బేస్‌మెంట్ ల్యాబ్‌కి ఇన్‌ఛార్జి ఆవిడ. అంత చదువుకున్న సైంటిస్టు అడుగుపెడితే, ముందు మగవాళ్ళ చూపులు వస్తాయి, తర్వాత ఎప్పటికో ఆమె పని వస్తుంది. ఆ తర్వాత ఆచార్యతో వ్యవహారం, ఆ తర్వాత పగ. అమ్మాయి అన్నది: "మగవాళ్ళ చూపుల్ని వెటకారం చేస్తున్నాడని మొదట అనుకున్నాను. యాభై పేజీలయ్యాక వెటకారం అయిపోయి చూపు మాత్రమే మిగిలింది." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటాను. ఓజా కూడా అంతే, టీవీ ముందు కూర్చున్న అమాయకురాలు. ప్రేమ ట్రాక్ నాకైతే సాగదీసినట్టే అనిపించింది. మీరు ఆ పేజీలు గబగబా తిప్పేసినా పాపం తగలదు.

సినిమా సంగతి రెండు ముక్కల్లో. 2020 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, సుధీర్ మిశ్రా తీశాడు. నవాజుద్దీన్ అయ్యన్, మన నాజర్ గారు ఆచార్య. పిల్లాడు బాగా చేశాడు. మా సాఫ్ట్‌వేర్ కుర్రాడు సినిమా చూసి చర్చకి వచ్చేసి దొరికిపోయాడు, ఎందుకంటే సినిమాలో తండ్రీ కొడుకుల కథ ఎక్కువ, ఆచార్య ఆకాశం తక్కువ. బెలూన్ గొడవ మొదలవగానే వాడు టీలో బిస్కెట్ ముంచుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఇందాక చెప్తానన్న సంగతి.

నాలుగేళ్ళ కిందట నేనూ, మా ఆఫీసు మిత్రుడూ ఇద్దరం ఇళ్ళు వెతుక్కుంటున్నాం. ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీద పోర్షన్, గేటుకి టు-లెట్ బోర్డు. ముందు చూసింది తను. వెళ్ళాడు. ఇల్లుగలావిడ మంచినీళ్ళిచ్చింది, గదులన్నీ చూపించింది, చివర్లో "మీరేమిట్లు బాబూ?" అంది. తను దాచలేదు, చెప్పాడు. "అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చేశామయ్యా" అంది.

"ఇల్లు భలే ఉంది గురూ, కానీ అయిపోయిందట" అని మర్నాడు నాతో అన్నాడు. ఆ శనివారం అటు వెళ్తుంటే బోర్డు ఇంకా అక్కడే వేలాడుతోంది. నేను వెళ్ళాను. "ఇంటిపేరేంటి బాబూ?" అంది ఆవిడ. చెప్పాను. "అలాగా! మా చెల్లెలి అత్తగారి తరఫు వాళ్ళేనయ్యా మీరు" అని లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది. అడ్వాన్సులో ఒక నెల తగ్గించింది. తాళం చేతిలో పెట్టింది.

తీసుకున్నాను. ఇప్పటికీ అందులోనే ఉంటున్నాను.

ఆఫీసులో "పక్క వీధిలో వేరే పోర్షన్ దొరికింది" అని అబద్ధమాడాను. పాలు పొంగించిన రోజు అందరినీ పిలవాల్సి వచ్చింది. తను కూడా వచ్చాడు. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. బోర్డు తీసేశాం గానీ, దాన్ని కట్టిన తీగ ముక్క గేటుకి అలాగే ఉంది. దాని వంక చూశాడు. పైకొచ్చి పాయసం తిని, మా అమ్మతో కబుర్లు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మూడో ఆదివారం ఎత్తాడు, ఇక్కడే, అందరి ముందూ.

ఎలా ఎత్తాడంటే, మాస్టారు మళ్ళీ "మోసగాడు మోసగాడే కదయ్యా" అన్నారు. అప్పుడు తను అన్నాడు: "మాస్టారూ, మన విజయనగరం గిరీశం మోసగాడు కాదా? పుట్టి నూరేళ్ళు దాటింది, ఇప్పటికీ ముద్దు చేస్తున్నాం. గిరీశం మోసం చేస్తే గిరీశం ఒక్కడే మోసగాడు. అయ్యన్ మోసం చేస్తే మా పేట మొత్తం మోసగాళ్ళం. మాకు ఇల్లివ్వని ఆవిడ ఈ పుస్తకం చదివిందనుకోండి, చూశారా నే చెప్పలా అంటుంది." అని నా వైపు చూసి, "ఆవిడ ఎవరో ఇతనికి తెలుసు" అన్నాడు. నవ్వుతూనే. అప్పుడు చెప్పాల్సి వచ్చింది, తీగ ముక్కతో సహా.

అతనిది ఇంకో ప్రశ్న కూడా ఉంది. "ఆ పిల్లాడు నిజంగానే జీనియస్ అయ్యుంటే ఈ నవల రాసేవాడా? పై కులం వాళ్ళ తెలివి సైన్సు, మా తెలివి జిత్తు. వాళ్ళని తిట్టినా, లోపల ఆ లెక్క మార్చలేదు కదా?" ఈ మాట అతనొక్కడిదే కాదు. నవల వచ్చిన కొత్తలో ఇలాంటి విమర్శే వచ్చింది. గురజాడ తన అగ్రహారాన్ని తనే లోపల కూర్చుని ఏకిపారేశారు, 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' నాటకం ఆడుతుంటే చూసి నవ్వినవాళ్ళలో ఎక్కువమంది ఆ అగ్రహారాల వాళ్ళే అయ్యుంటారు. మను జోసెఫ్ చాల్‌లో పుట్టినవాడు కాదు. సంస్థ లోపలి బ్రాహ్మల్ని చూపించేటప్పుడు కిందనుంచి చూస్తాడు, గొప్పగా ఉంటుంది. చాల్‌లో పక్కింటివాళ్ళని చూపించేటప్పుడు మాత్రం ఆ చూపు సీఫేస్ రోడ్డు మీదకి వెళ్ళిపోతుంది, దూరం నుంచి చూస్తున్నట్టుంటుంది. నా మటుకు ఈ పుస్తకంలో లోపం అది. దానికోసం పుస్తకం పక్కన పడేస్తానా? పడెయ్యను. రెండోసారి కూడా చదివాను. మీరూ చదవండి, ఇంగ్లీషు కష్టంగా ఏమీ ఉండదు. క్లైమాక్స్ చెప్పను. గోల గోలగా ఉంటుందని మాత్రం చెప్తాను.

"ఇంతకీ నీకు నచ్చిందా లేదా?" అని టీచర్ గారు మా మిత్రుణ్ణి నిలదీశారు. "నచ్చిందండి. నల్లబల్ల దాకా చాలా నచ్చింది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా కాపీ అడిగి పట్టుకెళ్ళాడు. మరక ఇంకొంచెం పెరిగి తిరిగొచ్చింది, అది ఈ మరకే.

మర్నాడు సోమవారం. ఆఫీసుకి వెళ్ళేసరికి లిఫ్టు దగ్గర ముగ్గురు నలుగురు నిలబడి బోర్డు చదువుతున్నారు. అదే ముత్యాల్లాంటి రాత. 'ఇంటి తాళం చెవితో తెరుచుకోదు, ఇంటిపేరుతో తెరుచుకుంటుంది.' కింద ఒక గ్రీకు తత్వవేత్త పేరు.

పదింటికి మా మేనేజరు గారు దాన్ని ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు, రెండు దండాలు జతచేసి. వరసగా అందరూ దండాలు పెట్టారు. నేను కూడా పెట్టాను. తను ఫైళ్ళు చూసుకుంటున్నాడు, తలెత్తలేదు గానీ భుజాలు మాత్రం కదులుతున్నాయి.